సిమ్కో సరస్సు మీద వైట్‌ఫిష్ కోసం ఒక శనివారం

పొద్దున నాలుగింటికే లేచి చింతపండు పులిహోర కలిపాను. చలికి అన్నం గట్టిపడినా పులిహోర గొంతు దిగుతుందని పోయినసారే తెలిసింది. ఒక ఫ్లాస్కులో అల్లం టీ, ఇంకోదాంట్లో మిరియాల చారు పోశాను. బయట మైనస్ 11. ఐదుంబావుకల్లా టొరంటో నగరంలోని స్కార్‌బరోలో మా ఇంటి నుంచి బయలుదేరాం. నేను, మా ఆయన, నాతో కలిసి పనిచేసే నెల్లూరు అమ్మాయి. మా వరంగల్ స్నేహితురాలు, వాళ్లాయన మాత్రం మిస్సిసాగా నుంచి ముందురోజు సాయంత్రమే వెళ్లి సరస్సు పక్కనున్న సటన్ ఊరి దగ్గర ఒక మోటెల్లో దిగారు.

వెళ్లింది కెనడాలో ఆంటారియో రాష్ట్రంలోని సిమ్కో సరస్సుకి. టొరంటోకి ఉత్తరాన, కారులో గంట, గంటంబావు దూరం. ఏడు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నీళ్లు. శీతాకాలంలో పైన ఐసు పట్టాక దానిమీదికి వెళ్లి, కన్నం వేసి, గాలం వదిలి చేపలు పడతారు. ఇక్కడివాళ్లకి ఇది ఎప్పటినుంచో ఉన్న పని. ఈమధ్య మనవాళ్లు కూడా చాలామంది వెళ్తున్నారు, ఎక్కువగా పెర్చ్ చేపలకి. మేం మాత్రం ఈసారి వైట్‌ఫిష్‌కే వెళ్లాలని పట్టుబట్టాం.

నేను కైకలూరులో పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు మా తాతయ్య వెనకాల కొల్లేటి గట్లమీద గాలం పట్టుకుని తిరిగేదాన్ని. వానపాములు తవ్వడం, బెండు మునిగిందా లేదా అని కళ్లార్పకుండా చూడడం, ఇవన్నీ చేతికి అలవాటైన పనులు. కెనడా వచ్చి పదకొండేళ్లయినా ఆ ఆశ పోలేదు. అందుకే ఈ అనుభవాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను. వెళ్లాలనుకునేవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ముందే తెలిస్తే బాగుండే విషయాలు చాలా ఉన్నాయి.

మొదట మూడేళ్ల కిందటి సంగతి చెప్పాలి. అప్పుడు కుక్స్ బేలో, అంటే సరస్సుకి దక్షిణం కొసలో, చవగ్గా వస్తోందని ఒకరి దగ్గర హట్, అంటే ఐసు మీద పెట్టే చిన్న గది, అద్దెకి తీసుకున్నాం. మనిషికి 50 డాలర్లు. డబ్బులు తీసుకుని, స్నోమొబైల్ వెనక బండిలో కూర్చోబెట్టి, ఆ చెక్క హట్‌లో దింపి వెళ్లిపోయారు. పదకొండింటికి హీటర్ ఆరిపోయింది. ఫోన్ చేస్తే గంటన్నర దాకా ఎవరూ ఎత్తలేదు. అంతకన్నా ఘోరం ఏంటంటే, గాలి ఆడడానికి గోడకి పెట్టిన కంతలో ఎవరో గుడ్డ కుక్కారు. పొద్దుటి నుంచి నాకూ, స్నేహితురాలికీ తలనొప్పి. చలికి అనుకున్నాం. ప్రొపేన్ హీటర్ మండే గదిలో గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుని ప్రాణాలే పోవచ్చని తర్వాత చదువుకుని వణికిపోయాను. చేపలు పడ్డాయి, ఇరవైదాకా చిన్న పెర్చ్‌లు. కానీ మళ్లీ వెళ్దామన్న ఊసు ఎవరూ ఎత్తలేదు. 2024 శీతాకాలం మరీ వెచ్చగా పోయింది, ఐసు సరిగ్గా పట్టనే లేదు. ఇదిగో, 2025 ఫిబ్రవరి చివర్లో మళ్లీ కదిలాం.

ఈసారి చోటు ఎంచుకోవడానికే వారం రోజులు పట్టింది. కుక్స్ బే లోతు తక్కువ, కలుపు ఎక్కువ. ముందుగా గడ్డకట్టేది అదే. పిల్లలతో వెళ్లేవాళ్లకి, గంటకి నాలుగు చేపలైనా పడాలనుకునేవాళ్లకి అదే మంచిది, ఎందుకంటే పెర్చ్ అక్కడ బాగా దొరుకుతుంది. వైట్‌ఫిష్ లోతు నీళ్ల చేప, దానికోసం అరవై, డెబ్బై అడుగులు పైబడిన చోటికి పోవాలి. బారీ ఊరి దగ్గర కెంపెన్‌ఫెల్ట్ బే ఉంది, సరస్సులో అన్నిటికన్నా లోతైన చోటు, 40 మీటర్లు దాటుతుంది. ఒడ్డుకి దగ్గర్లోనే లోతు మొదలవుతుంది కాబట్టి సామాను సొంతంగా ఉన్నవాళ్లు నడిచే వెళ్తారు. మాకు అంత అనుభవం లేదు, పైగా లోతు నీళ్లు ఆలస్యంగా గడ్డకడతాయి. మూడోది జాక్సన్స్ పాయింట్ వైపు. అక్కడి నుంచి జార్జినా ఐలాండ్ అవతల లోతు నీళ్ల దాకా తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. స్కార్‌బరోవాళ్లకి దారి కూడా సుళువు. మార్కమ్ రోడ్డే ఉత్తరానికి పోగా పోగా హైవే 48 అవుతుంది, దాన్నే పట్టుకుని పోతే సటన్.

ముగ్గురు నలుగురికి ఫోన్ చేశాను. ఒకావిడ మాత్రం డబ్బు సంగతి ఎత్తకముందే తనే నన్ను ప్రశ్నలు అడిగింది. ఎంతమంది, పిల్లలున్నారా, ఇదివరకు వైట్‌ఫిష్ పట్టారా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. "గాలి ఎక్కువైతే శుక్రవారం రాత్రి నేనే ఫోన్ చేసి రావద్దంటాను, డబ్బు వాపసు ఇస్తాను" అంది. ఆ మాటకే నేను బుక్ చేశాను. మనిషికి 85 డాలర్లు. ఎర, తీసుకెళ్లి తీసుకురావడం, హీటర్ అన్నీ అందులోనే. గాలాలు లేనివాళ్లకి అద్దె 10 డాలర్లు. ముందటిసారి 50కి, ఇప్పటి 85కి తేడా ఎక్కడుందో ఆ రోజు ప్రతి గంటకీ కనిపించింది.

లైసెన్స్ సంగతి కూడా చెప్పేస్తాను, మనవాళ్లు ఇక్కడే పొరబడతారు. 18 నుంచి 64 ఏళ్ల వయసున్న ఆంటారియోవాళ్లందరికీ ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. ఒక్కరోజుకి కూడా ఇస్తారు, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. లైసెన్సుల్లో రెండు రకాలు. స్పోర్ట్ లైసెన్స్ మీద సిమ్కోలో మనిషికి రెండు వైట్‌ఫిష్ ఉంచుకోవచ్చు, కన్జర్వేషన్ లైసెన్స్ మీద ఒక్కటే. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే అనే సెలవుతో కలిసిన వారాంతంలో లైసెన్స్ లేకుండానే పట్టనిస్తారు, అయితే కన్జర్వేషన్ పరిమితే వర్తిస్తుంది. ఆ వెసులుబాటు కెనడాలో ఉండేవాళ్లకే. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి అది వర్తించదు, అరవై ఐదు దాటినా సరే. వాళ్ల చేతికి గాలం ఇచ్చే ముందు నాన్‌రెసిడెంట్ లైసెన్స్ తీసుకోండి.

ఆరున్నరకి ఒడ్డుకి చేరాం. వరంగల్ వాళ్లు అప్పటికే అక్కడున్నారు. మోటెల్ ఎలా ఉందంటే, గది శుభ్రంగా ఉందట, పడకా బాగుందట, కానీ కెటిల్ లేదు, హీటర్ రాత్రంతా గరగరలాడిందట. 130 డాలర్లు. "నాలుగింటికి లేవకుండ ఆరింటిదాంక పండుకున్నం, గంతే లాభం" అంది నా స్నేహితురాలు. మిస్సిసాగా, బ్రాంప్టన్ నుంచి వచ్చేవాళ్లకి, అందులోనూ స్నో పడుతున్న రాత్రైతే, అది తీసుకోవడమే మేలు. స్కార్‌బరో, మార్కమ్ వాళ్లకి అక్కర్లేదు. రాత్రంతా సరస్సు మీదే ఉండాలనే సరదా ఉంటే నార్త్ బే దగ్గర లేక్ నిపిసింగ్ మీద మంచాలూ పొయ్యీ ఉన్న ఇళ్లే అద్దెకిస్తారు. కానీ అది టొరంటో నుంచి నాలుగు గంటల దారి, అక్కడికి జనం వెళ్లేది వాలై, పెర్చ్ చేపల కోసం.

ఒడ్డు నుంచి మమ్మల్ని తీసుకెళ్లిన బండి గురించి చెప్పకుండా ఉండలేను. దాన్ని బొంబార్డియర్ అంటారు. ముందు చక్రాల బదులు స్కీలు, వెనక ట్యాంకుకి ఉన్నట్టు గొలుసు పట్టీలు, పక్కల ఓడకి ఉన్నట్టు గుండ్రటి కిటికీలు. రోడ్ల మీద స్నో తీయని రోజుల్లో, 1940లలో, క్యూబెక్‌లో పన్నెండు మంది కూర్చునేలా తయారుచేసిన మోడల్ ఇది. బడిపిల్లల్నీ డాక్టర్లనీ మోసిన బండి, ఇప్పుడు చేపలవాళ్లని మోస్తోంది. లోపల చెక్క బల్లలు, పెట్రోలు వాసన, చెవులు దిబ్బళ్లు పడే మోత. కానీ వెచ్చగా ఉంది, గాలి తగల్లేదు. పోయినసారి తెరిచిన బండిలో మొహం కొయ్యబారిపోయింది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడే మూసిన బండా, తెరిచిన బండా అని అడగండి.

దారిలో ఒకచోట బండి ఆగింది. ఐసు రెండు పలకలుగా చీలి, ఒకదాని అంచు ఇంకోదానిమీదికి తన్నుకుని గట్టులా లేచింది. మధ్యలో మూడడుగుల మేర నల్లటి నీళ్లు. ముందురోజు వాళ్లు అక్కడ చెక్కల వంతెన వేశారు. బండి నడిపే పెద్దాయన దిగి, గునపంలాంటి పొడవాటి ఇనప కడ్డీతో రెండువైపులా పొడిచి చూశాడు. చూసి, మమ్మల్నందర్నీ దిగి నడిచి దాటమన్నాడు. మేం దాటాక ఖాళీ బండిని ఆయన ఒక్కడే తీసుకొచ్చాడు. నెల్లూరు అమ్మాయి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గ్లోవ్స్ మీంచే గోళ్లు తెలిశాయి. అవతలకి వచ్చాక ఆయన్ని అడిగాను, ఐసు ఎంత మందం అని. "ఇక్కడ 16 అంగుళాలు. అయినా పగులు దగ్గర లెక్క వేరు" అన్నాడు. మనిషి నడవడానికి గట్టి, స్వచ్ఛమైన ఐసు 4 అంగుళాలు చాలంటారు. తెల్లగా, బుడగలతో ఉన్నదైతే బలం సగమే, అందుకని రెట్టింపు ఉండాలి. పైన స్నో బరువుకి కింది నీళ్లు ఉబికి బురదలా తయారవుతాయి, వారం ముందు కురిసిన స్నో వల్ల మాకు దారిలో అలాంటివీ తగిలాయి. సొంతంగా నడిచి వెళ్లేవాళ్లు మెడలో ఐస్ పిక్స్, అంటే పిడులున్న మేకుల జత, వేసుకోవాల్సిందే. నీళ్లలో పడితే ఆ మేకులు ఐసులోకి గుచ్చి పైకి పాకొచ్చు. హట్‌కి వెళ్లే మాక్కూడా తలా ఒక జత ఇచ్చారు. తిరిగి వచ్చేదాకా ఎవరం తీయలేదు.

హట్ ఎనిమిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉంటుంది. ప్లైవుడ్ గోడలు, రెండువైపులా బల్లలు, నేలలో ఆరు కన్నాలు. హీటర్, పక్కన రెండు బర్నర్ల స్టవ్. లోపలికి అడుగుపెట్టగానే నేను గోడ కంత చూశాను. తెరిచే ఉంది. తలుపు పైన కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉంది, ఆయనే మీట నొక్కి మోగించి చూపించాడు. ఆ ఒక్క శబ్దంతో నా గుండెలో బరువు దిగింది.

కన్నాల్లో రాత్రి పట్టిన పలచటి పొరని ఆయన చిల్లుల గరిటెతో తీసేశాడు. అచ్చం బూందీ గరిటె, పిడి మాత్రం పొడుగు. కింద నీళ్లు సిరాలా ఉన్నాయి. లోతు 74 అడుగులు. పైన మైనస్ పదకొండైనా అడుగున నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గరుంటాయి. నీళ్లు ఆ వేడిమి దగ్గరే అన్నిటికన్నా బరువు, అందుకే అవి అడుక్కి చేరి, చల్లటి నీళ్లు పైన గడ్డకడతాయి. ఈ ఏర్పాటు వల్లనే కింద చేప బతుకుతోంది.

ఇక గాలం వేసే పద్ధతి. ఇది మన పద్ధతికి పూర్తిగా వేరు. బెండు లేదు. రెండడుగుల పొట్టి రాడ్, సన్నటి దారం, చివర జిగ్, అంటే సీసం తలకాయ ఉన్న కొక్కెం, దానికి చిన్న చేప ముక్క. అడుగుదాకా వదిలి, బురద లేచేలా నాలుగుసార్లు నేలకి కొట్టాలి. తర్వాత అడుగెత్తు పైకి లేపి, కదలకుండా పట్టుకోవాలి. వైట్‌ఫిష్ అడుగున పురుగులూ చిన్న నత్తలూ ఏరుకుని తినే చేప. బురద లేస్తే అక్కడ ఇంకో చేప ఏదో మేస్తోందనుకుని వస్తుంది. దాని నోరు మన ఎర్రమోసుకి ఉన్నట్టే కిందికి తిరిగి ఉంటుంది, మరీ చిన్నది, మరీ మెత్తన. పెద్దాయన పక్కనే ఫ్లాషర్, అంటే నీళ్లలో ఏముందో తెర మీద చూపించే యంత్రం, పెట్టి ఎలా చదవాలో చూపించాడు. గుండ్రటి తెర మీద మందంగా ఎర్రగీత అంటే నేల. దానిపైన సన్నగా ఆకుపచ్చగా మినుకుమనేది మన జిగ్. ఆ రెంటి మధ్యలో మూడో గీత లేచిందంటే చేప వచ్చినట్టు.

గంటన్నర దాకా ఏమీ లేదు. టీ అయిపోయింది. అప్పుడు నా తెర మీద మూడో గీత వచ్చింది. నెమ్మదిగా జిగ్ దాకా లేచి కలిసిపోయింది. రాడ్ కొనలో చిన్న తడబాటు. కొల్లేట్లో కొర్రమీను పట్టినప్పుడు ఏం చేసేదాన్నో నా చెయ్యి అదే చేసింది, ఒక్క ఊపున పైకి గుంజాను. ఒక్క క్షణం బరువు తెలిసింది, మరుక్షణం దారం తేలికైపోయింది. పైకి తీసి చూస్తే కొక్కేనికి కాగితమంత పలచటి తెల్లటి తోలు ముక్క, అంతే.

"గట్ల గుంజకే, నోరు చినుగుతది. మెల్లగ లేపి చుట్టు" అంది నా స్నేహితురాలు. తను పొద్దుటి నుంచి పెద్దాయన చేతినే చూస్తూ కూర్చుంది, నేను మాత్రం నా కన్నంలోకే చూస్తూ కూర్చున్నాను. ఆ చినిగిన ముక్కని చూస్తే నిజంగా బాధేసింది. చేప దక్కలేదని మాత్రమే కాదు.

ముప్పావుగంట తర్వాత నెల్లూరు అమ్మాయి అరిచింది. "అక్కా, దారం ఒదులైపోయింది గదక్కా, తెగిందేమో!" తెగలేదు. వైట్‌ఫిష్ చాలాసార్లు లాగదు, ఎరని నోట పెట్టుకుని పైకి లేస్తుంది. అప్పుడు దారం వదులవుతుంది, వంగి ఉన్న రాడ్ కొన తిన్నగా లేస్తుంది. ఈ విషయం పెద్దాయన పొద్దున్నే చెప్పాడు, ఆ అమ్మాయికి గుర్తులేకపోయినా చెయ్యి మాత్రం తొందరపడలేదు. మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది. డెబ్బై నాలుగు అడుగులు చుట్టడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజు తెలిసింది. రెండుసార్లు చేప దారం లాక్కుని మళ్లీ కిందికి పోయింది. ఆ అమ్మాయి వదిలింది, మళ్లీ చుట్టింది. మేమందరం మోకాళ్ల మీద కూర్చుని కన్నంలోకి చూస్తున్నాం. ముందు బుడగలు వచ్చాయి. చేప లోతు నుంచి పైకొస్తూ లోపలి గాలిని వదిలేస్తుందట. బుడగల వెనక, నల్లటి నీళ్లలో, ఎవరో కింద అద్దం తిప్పినట్టు ఒక మెరుపు. కన్నం అంచుకి తల తగలకుండా మా ఆయన చేయి పెట్టి తిప్పాడు, పైకొచ్చేసింది.

మూడున్నర కిలోలదాకా ఉంది. పెద్ద పెద్ద పొలుసులు, ఒక్కోటి నా చిటికెనవేలి గోరంత. పక్కలు వెండి, వీపు మాత్రం పాతబడిన కంచు రంగు. తల చిన్నది, దాని వెనక వీపు ఒక్కసారి ఎత్తుగా లేస్తుంది. నేను పట్టుకుని చూస్తుంటే కింద ఒక రెక్క లేదు. దెబ్బ తగిలి పోయినట్టు లేదు, నున్నగా కత్తిరించినట్టుంది.

గంటకోసారి ప్రతి హట్‌కీ వచ్చి చూసే పెద్దాయన అప్పుడే వచ్చాడు. ఆ రెక్క సంగతి ఆయనే చెప్పాడు. పొలాల ఎరువులూ ఊళ్ల మురుగూ కలిసి ఒకప్పుడు ఈ సరస్సులో ఫాస్ఫరస్ విపరీతంగా పెరిగింది. నాచు పట్టడం, అది చచ్చి అడుక్కి చేరి కుళ్లడం, ఆ కుళ్లు లోతు నీళ్లలో ఆక్సిజన్‌ని మింగేయడం. లోతులో ఉండే వైట్‌ఫిష్, లేక్ ట్రౌట్ పిల్లలు బతకడం మానేశాయి. అప్పటి నుంచి ప్రభుత్వమే హేచరీల్లో పిల్లల్ని పెంచి వదులుతోంది. వైట్‌ఫిష్‌ని 1980ల నుంచి. వదిలే ముందు గుర్తుకోసం ఒక రెక్క కత్తిరిస్తారు. రెక్కలన్నీ ఉన్న చేప దొరికితే అది సరస్సులోనే పుట్టి పెరిగిందని అర్థం. 2008లో ఈ ఒక్క సరస్సు కోసమే ఆంటారియో ఒక చట్టం చేసింది, లేక్ సిమ్కో ప్రొటెక్షన్ యాక్ట్. సరస్సులోకి వచ్చే ఫాస్ఫరస్‌ని ఏడాదికి 44 టన్నులకి తగ్గించాలని ఆ చట్టం కింద వేసిన ప్రణాళికలో లక్ష్యం పెట్టుకున్నారు. ఇంకా అక్కడిదాకా రాలేదు, కానీ లోతు నీళ్లు మునుపటికన్నా మెరుగుపడ్డాయి, లేక్ ట్రౌట్ మళ్లీ సొంతంగా పిల్లలు పెడుతోంది.

ఇది వింటుంటే నాకు కొల్లేరే కళ్లముందు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు పేల్చారు. గట్ల మీద బతికినవాళ్ల గోడు ఒకటి, సరస్సు గోడు ఒకటి. మా తాతయ్య గాలానికి పడిన చేపల్లో సగం పేర్లు ఇప్పటి పిల్లలకి తెలియవు. పరాయి దేశంలో ఒక చేప రెక్క చూసి ఇదంతా గుర్తురావడం వింతగానే ఉంది, కానీ ఆ పూటంతా నా మనసులో మెదిలింది అదే. ఒక సరస్సు పాడైందని ఒప్పుకుని, నలభై ఏళ్లుగా పిల్లల్ని పోసి కాపాడుతున్నారు. మనిషికి రెండే అన్న నియమం విని పొద్దున కొంచెం తక్కువే అనిపించింది. రెక్క చూశాక ఆ మాట మళ్లీ అనలేదు.

మధ్యాహ్నం స్టవ్ మీద చారు వేడిచేసుకుని పులిహోర తిన్నాం. తినేటప్పుడు ఒక్కసారి కింద ఫిరంగి పేలినట్టు శబ్దం, తర్వాత చాలా దూరం దాకా సాగిపోయిన మూలుగు. ఐసు పెరుగుతూ, సర్దుకుంటూ చేసే చప్పుడది. మొదటిసారి వినేవాళ్లకి గుండె ఆగుతుంది. పెద్దాయన దీని గురించి ముందే చెప్పాడు కాబట్టి గిన్నెలు వదిలి పరిగెత్తలేదు.

బాత్రూమ్ సంగతి. చాలామంది అనుభవాల్లో ఇది రాయరు, ఆడవాళ్లందరూ ముందు అడిగేది ఇదే. మూడేళ్ల కిందట హట్ వెనక గోనెపట్టా కట్టి బకెట్ పెట్టారు. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగలేదు. ఈసారి నాలుగు హట్‌లకి ఒక చిన్న గది, గడియ ఉంది, కమోడ్ ఉంది, కాగితం, శానిటైజర్ ఉన్నాయి. హీటర్ లేదు. పొద్దున శుభ్రంగా ఉంది, రెండింటికల్లా అంత బాగా లేదు. పెద్దాయనకి చెబితే వెంటనే మనిషిని పంపించాడు. మా హట్ నుంచి నూట యాభై అడుగుల దూరం, దారిలో ఐసు నున్నగా ఉంది, బూట్లకి తొడిగే ముళ్ల పట్టీలు లేకపోతే పడతారు. నా స్నేహితురాలు పడింది, మోచెయ్యి వాచింది. ఆ పట్టీలు వాళ్లే ఇస్తే బాగుండేది, ఈ ఒక్క విషయంలో నాకు అసంతృప్తి. మీరు ఇంటి నుంచే తెచ్చుకోండి. కాళ్లకి నూలు మేజోళ్లు వద్దు, చెమట పట్టి తడిస్తే ఇక వెచ్చబడవు. ఉన్నివే వేసుకోండి.

రెండు తర్వాత ఫ్లాషర్ మీద గీతలు పూర్తిగా ఆగిపోయాయి. వచ్చి చూసిన పెద్దాయన, అంతకుముందు వెళ్లిపోయిన ఇంకో బృందం హట్ కింద చేపలు తిరుగుతున్నాయని చెప్పి, మమ్మల్ని సామానుతో సహా అందులోకి మార్చాడు. ఎవరూ అడగలేదు. అక్కడ మొదటి పావుగంటలో వరంగల్ అన్నయ్యకి ఒకటి పడింది, రెండు కిలోల చేప, రెక్కలన్నీ ఉన్నాయి. మూడున్నరకి నాకు ఇంకొకటి తగిలింది. ఈసారి గుంజలేదు. రాడ్ కొన లేచింది, నేను మణికట్టు మాత్రం ఎత్తాను, బరువు నిలిచింది. అది పైకొచ్చేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో తెలియదు. రెండు కిలోలకి కాస్త తక్కువ.

ఐదుగురం కలిపి మూడు. మా ఆయనకి ఒక్కటీ పడలేదు, అయినా రోజంతా కన్నాల్లో ఐసు తీసింది ఆయనే. ఇరవై పెర్చ్‌లు పట్టిన రోజుకీ దీనికీ పోలికే లేదు. కానీ ఓపిక లేనివాళ్లని, ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని వైట్‌ఫిష్ హట్‌కి తీసుకెళ్లొద్దు. గంటల తరబడి ఏమీ జరగదు. వాళ్లకి పెర్చే సరి.

మిగిలిన ఎర చేపల్ని కన్నంలోకి గానీ, ఐసు మీద గానీ వదలకూడదు, అది నేరం. వాళ్లే వెనక్కి తీసుకున్నారు. ఒడ్డున చేప శుభ్రం చేసే షెడ్డులో ఒక కుర్రాడు చేపకి 5 డాలర్లు తీసుకుని ఫిల్లెట్లు, అంటే ముల్లు తీసిన ముక్కలు, కోస్తున్నాడు. మన ఇళ్లకి ఫిల్లెట్లు పనికిరావు. తలకాయ పారేయబోతుంటే ఆపి, పేగులు తీసి, చేపని నిండుగానే ఇవ్వమన్నాను. ముక్కలు కోయించుకునేవాళ్లు మాత్రం తోలు కొంచెమైనా ఉంచమనాలి. దారిలో అధికారులు ఆపితే అది ఏ చేపో, ఎన్నో తెలియాలి. ఏ సరస్సులో ఏ సైజు చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో ఆంటారియో ప్రభుత్వం వెబ్‌సైట్‌లో ఉంటుంది. గర్భిణులకీ పిల్లలకీ లెక్క వేరు, అది చూసుకోండి.

ముగ్గురికి మొత్తం 310 డాలర్లయింది, పెట్రోలు, గాలాల అద్దె, పెద్దాయనకి ఇచ్చిన టిప్పుతో కలిపి. లైసెన్సులు దీనికి అదనం. మార్చి 15కల్లా సరస్సు మీద హట్‌లన్నీ తీసేయాలి, శీతాకాలపు వైట్‌ఫిష్ సీజన్ కూడా ఆ రోజుతోనే అయిపోతుంది. అందుకని వెళ్లాలనుకునేవాళ్లు ఫిబ్రవరిలోనే చూసుకోవాలి.

ఆదివారం వంట. నా చేపని వేపుడు చేశాను. కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, కాస్త వరిపిండి పట్టించి రెండు గంటలు నానబెట్టాను. మాంసం తెల్లగా, మెత్తగా, పొరలు పొరలుగా విడిపోయింది, నీచు వాసన దాదాపు లేదు. పొట్ట దగ్గర కొవ్వు ఉంటుంది, ఆ ముక్కలే రుచి. శీలావతి, బొచ్చె తిన్న నోటికి మొదట చప్పగా అనిపించొచ్చు, కారం ఒక పిసరు ఎక్కువే వేయండి. పులుసు నెల్లూరు అమ్మాయి చేసింది, ఇండియన్ షాపులో దొరికిన పచ్చిమామిడికాయతో. ఈ చేప ముక్క నిలవదు, అందుకని పులుసు బాగా మరిగాకే ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పింది. అయినా రెండు ముక్కలు విడిపోయాయి. వడ్డించేటప్పుడు "తలకాయ నాకే అక్కా" అంది. తను పట్టిన చేపే కదా, తన పళ్లెంలోనే వేశాను.